తప్పు కాలిదా, బ్రేకుదా

ఉప్పుగూడలో మేం అద్దెకుంటున్న ఇంటి కింద, బర్రెల కొట్టానికీ మేడమెట్లకీ మధ్యనున్న రేకుల షెడ్డులో ఒక స్పోర్ట్స్ కారు ఉంటుంది. ఇంగ్లండులో తయారైన పాతకాలపు బండి. రెండే సీట్లు, పైన కప్పు లేదు, తలుపు మోకాలికి కాస్త పైదాకా వస్తుంది. ఒకప్పుడు ముదురు ఆకుపచ్చ రంగట. ఇప్పుడు అదే రంగని గట్టిగా చెప్పలేను. పాల వ్యాపారం చేసుకునే మా ఇంటాయనకు ఇలాంటి బండి ఎక్కడిదని కొత్తగా వచ్చినవాళ్లంతా అడుగుతారు. వయసులో ఉన్నప్పుడు ఆయన సైకిలు మీద ఒక నవాబుల భవంతికి, ఇక్కడి మాటలో దేవిడీకి, పాలు పోసేవాడు. ఆ దేవిడీ అమ్ముడుపోయి సామాను ఎవరిది వాళ్లు పట్టుకుపోయిన రోజుల్లో, వెనక గదిలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఈ బండిని మాత్రం ఎవరూ కోరలేదు. ఈయన కోరాడు. బర్రెను తోలుకొచ్చినట్టు తాడు కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

నేను కోస్తా నుంచి పత్రికాఫీసు ఉద్యోగానికి వచ్చి ఈ మేడ మీద దిగినవాణ్ణి. ఉద్యోగం అయిపోయింది, మేడ మాత్రం వదల్లేదు. ఆయన్ని అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలుస్తాను. ఆదివారం పొద్దున పాలపని తెమిలాక అన్న ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని రైల్వే స్టేషను దాకా వెళ్లివచ్చేవాడు. గాలికి ఎగిరిపోకుండా ఆమె కొంగు పళ్లతో కరిచి పట్టుకునేది. అంతే వాళ్ల షికారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి గల్లీలో వాళ్లందరికీ ఆదివారమని తెలిసేది.

కిందటి ఏడాది వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో అన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు. దసరా పండుగ ఆస్పత్రిలోనే గడిచింది. చలికాలానికి ఇంటికి వచ్చాడు. చేతికర్ర పట్టుకొని ముందు వాకిలి దాకా, తర్వాత కొట్టం దాకా నడిచాడు. ఎండలు మొదలవుతుండగా ఒక పొద్దున షెడ్డు తలుపు తీయించాడు.

బండి స్టార్టరు పలకలేదు. కొట్టంలో పనిచేసే ఇద్దరు వెనక నుంచి తోశారు. వదిన ముందు నడిచి గేటు రెక్క తెరిచి పట్టుకుంది. బండి దొర్లి, ఇంజను అందుకొంది. అప్పుడు అన్న బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. పెద్ద వేగమేమీ కాదు, మనిషి నడిచేంత. అయినా వచ్చి మడ్‌గార్డుకూ గేటు స్తంభానికీ మధ్య వదిన ఎడమ మణికట్టును నొక్కింది. స్తంభానికి తగిలాక ఇంజను ఆగిపోయింది. నేను మెట్లు దిగేసరికి ఆమె ఆ చేతిని రెండో చేత్తో ఎత్తి పట్టుకొని, “ఏం గాలే, ఏం గాలే, నేనే అడ్డమొచ్చిన” అంటోంది. ఎముక విరిగిందని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఆ రోజు నుంచి అన్న నడవడం మానేశాడు. కర్ర మూలన పడింది. ఫిజియోథెరపీ చేయించే ఆమె వస్తే ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. ఇప్పుడు నడవకపోతే ఇక ముందు ఆ కాలు మాట వినదని డాక్టరు వదినతో చెప్పాడు. ఆమె కట్టు కట్టిన చేత్తో కంచం పట్టుకోలేక ఒళ్లో పెట్టుకొని తినిపిస్తుంటే, ఆయన ఆ కట్టు వైపు చూడకుండా తినేవాడు.

ఒక సాయంత్రం నాతో అన్నాడు.

“సార్, నేను నొక్కిన. నొక్కిననే అనుకుంటున్న. అది రాయి లెక్క నిలవడ్డది, కిందికి పోలే. గా రాయి బండిలున్నదా, నా కాలులున్నదా? అదొక్కటి తెలిస్తె చాలు.”

పత్రికలో ఇన్నేళ్లు ప్రమాదాల వార్తలు దిద్దాను. బ్రేకులు ఫెయిలవడంతో అని ఒక వాక్యం ఉంటుంది, డ్రైవరు అదుపు తప్పడంతో అని ఇంకో వాక్యం ఉంటుంది. విలేకరి ఏది పంపితే అది వేస్తాం, తెల్లారేసరికి పేపరు ఇళ్లకు చేరిపోతుంది. ఆ రెండు వాక్యాల మధ్య ఒక మనిషి ఇలా మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడని నేను దగ్గర్నుంచి చూసింది ఇప్పుడే.

అఫ్జల్‌గంజ్‌లో పాత బండ్లు బాగుచేసే ఒక మెకానిక్ ఉన్నాడు. గడ్డం నెరిసిన మనిషి. ఈ బండిని ఆయన దేవిడీ రోజుల నుంచి ఎరుగును. నేను వెళ్లి సంగతి చెబితే స్కూటరు మీద సాధనాల సంచీ వేసుకొని వచ్చాడు. అన్నను కుర్చీతో సహా తెచ్చి షెడ్డు ముందు నీడలో కూర్చోబెట్టాం.

మెకానిక్ సలాం చేసి, “క్యా అన్నా, బండిని పండవెట్టి నువ్వు గూడ పండుకున్నవా?” అన్నాడు.

“నువ్వు దాన్ని లేపు భాయ్. నా సంగతి తర్వాత.”

ముందు చక్రాలు విప్పి బ్రేకు డ్రమ్ములు తీశాడు. లోపల చూసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, మళ్లీ చూశాడు. “బ్రేకు షూ బాగనే ఉన్నయి అన్నా. అరిగింది లేదు, పగిలింది లేదు. బ్రేకులు మంచిగనే ఉన్నయి” అన్నాడు. ఆయనకు అది శుభవార్త. అన్న మాత్రం తల దించుకొని తన కుడి పాదం వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. కాసేపటికి ఎడమ చేత్తో ఆ కాలిని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు, ఎవరికీ కనపడకూడనట్టు.

“నడిపి చూస్తే కదా భాయ్ తెలిసేది,” అన్నాను.

“హౌ సాబ్, నడిపే చూడాలె. తోపిద్దాం.”

“తోసుడు లేదు,” అన్నాడు అన్న. గొంతు పెద్దది కాదు గానీ ఆ మాటతో కొట్టంలో పనివాళ్లు కూడా ఆగిపోయారు. “ఈ బండిని ఇంక ఎవ్వరు తొయ్యొద్దు. దానంతట అది లేస్తె లేసింది, లేకుంటె లే.”

అలా బ్రేకు సంగతి తేలాలంటే ముందు స్టార్టరు సంగతి తేలవలసి వచ్చింది.

బటన్ నొక్కితే టక్కున ఒక చప్పుడు, అంతే. బ్యాటరీ తప్పేమోనని పక్కింటి ఆటో బ్యాటరీ తెచ్చి పెట్టారు. అదే టక్కు. బ్యాటరీ కొసలు ఉప్పుకాగితంతో తోమారు. టక్కే. మర్నాడు మెకానిక్ స్టార్టరు మోటారునే విప్పి కింద బండ మీద పెట్టి, బూటుతో తొక్కి పట్టుకొని, బ్యాటరీ తీగలు తగిలించాడు. అది ఒక్క ఎగురు ఎగిరి గిర్రున తిరిగింది. కొట్టంలో బర్రెలు బెదిరి తలలు ఎత్తాయి.

“చూడండ్రి! బయట పెడితే ఎగురుతది, లోపల పెడితే నిద్రపోతది. మా అల్లుని లెక్క ఉన్నది,” అన్నాడు మెకానిక్.

వదిన నవ్వింది. అన్న పెదవి ఒక పక్క కదిలింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ కదలిక.

మోటారు తిరిగి బిగించి, మెకానిక్ బానెట్ మీదికి వంగి, నన్ను సీట్లో కూర్చోమన్నాడు. ఒక చేత్తో చోక్ పిడి లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో బటన్ నొక్కాలి. నొక్కాను. టక్కు. మళ్లీ. టక్కు. అలా నొక్కుతూ ఉండగా చోక్ పట్టుకున్న వేళ్లకు వెచ్చగా తగిలింది. తర్వాత చురుక్కుమంది. చెయ్యి తీసేశాను.

“భాయ్, ఇది కాలుతోంది.”

“ఏంది, ఇంజనా? ఇంజన్ తిరుగనే లేదు గద.”

“ఇంజను కాదు. చోక్ తీగ.”

ఆయన వచ్చి పిడి పట్టుకొని చూశాడు. సంచీ మీద కూర్చొని చాయ్ అడిగాడు. చాయ్ తాగుతూ నాకు విప్పి చెప్పాడు. “మోటారుకు పోయిన కరెంటు బ్యాటరీకి వాపస్ రావాలె సాబ్. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూసున్నది. ఇంజన్ నుంచి బాడీకి ఒక లావు పట్టీ ఉంటది, గదే దాని సడక్. ఇప్పుడు నయాపుల్ మూసినరనుకో, బండ్లన్నీ గల్లీల నుంచి పోతయి గద? గల్లీ గరం అయితది. గా చోక్ తీగ మన గల్లీ. దొడ్డ సడక్ ఎక్కన్నో బందు పడ్డది.”

బందు పడిన చోటు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పట్టీ కొత్తది. అన్న ఆస్పత్రిలో ఉండగా బ్యాటరీ చార్జింగుకు తీసుకెళ్లినవాడు, పాతది తెగేలా ఉందని మార్చాడట. అయితే దాన్ని బిగించిన చోట ఇంజను ఇనుముకూ పట్టీకీ మధ్య వెండిరంగు పెయింటు మందంగా పేరుకొని ఉంది. చుట్టుపక్కల చూస్తే ఇంజను సగం అదే రంగు. గేటుకు వేసిన రంగే.

“ఇది ఎవరి హోలీ?” అన్నాడు మెకానిక్.

వదిన చెంగుతో ముఖం తుడుచుకుంది. “పండుగకు గేటుకు ఎయ్యంగ మిగిలింది. మనిషి దవఖానల ఉండె. బండి మురికి మురికి కనిపిస్తుంటే పాణం ఒప్పలే. నేనే ఏసిన.”

“మస్తుగ ఏసినవ్ భాభీ. ఇంజన్‌కు పెండ్లి చేసినట్టున్నది,” అంటూ ఆయన చాకుతో ఆ పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, పట్టీ మళ్లీ బిగించాడు. బటన్ నొక్కితే ఇంజను ఒక్కసారిగా అందుకొంది. రేకుల షెడ్డంతా ఆ చప్పుడే. అన్న కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన కళ్లు బండి మీద లేవు. చక్రాల మీద ఉన్నాయి.

మెకానిక్ బండిని వాకిట్లోకి తెచ్చి, గేటు దాకా నడిపి, బ్రేకు తొక్కాడు. బండి ఆగింది గానీ ఆలస్యంగా ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాడు. ఈసారి గేటు దాటి ముక్కు బయటపెట్టాక ఆగింది. దిగి వచ్చినప్పుడు ఆయన ముఖంలో అంతకుముందున్న నవ్వు లేదు. చక్రాల మీద చెయ్యి పెట్టి చూసి, “తొక్కితే రాయి. ఇడిస్తే గూడ పూర్తిగ ఇడుస్తలేదు. చక్రం కాలుతున్నది” అన్నాడు. తర్వాత అన్న వైపు తిరిగి, “నేను నిన్న తొందరపడ్డ అన్నా. షూ చూసిన, దాని ఎనక ఏమున్నదో చూడలే” అన్నాడు.

బ్రేకు ఆయిల్ పోసే గిన్నె మూత విప్పాడు. వేలు ముంచి వాసన చూశాడు. ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆవకాయ జాడీ మూత తీసినట్టుంది. ఆయన అంతకుముందు చాయ్ తాగిన గాజు గ్లాసు కడిగి, గిన్నెలో ఉన్నది సిరంజితో పీల్చి అందులోకి వదిలి, పిట్టగోడ మీద పెట్టాడు. కాసేపటికి గ్లాసులో రెండు పొరలు తేలాయి. కింద బ్రేకు ఆయిల్, పైన బంగారు రంగులో నూనె.

“నువ్వుల నూనె,” అన్నాను నేను.

మెకానిక్ పెడల్ తొక్కుడు అందుకునే మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి రబ్బరు కప్పును అరచేతిలో పెట్టుకున్నాడు. నానిన శనగగింజలా ఉబ్బి ఉంది. “గిది లోపట ఇరుక్కున్నది. ఇంక పెడల్ ఏం పోతది? ఏ పహిల్వాన్ తొక్కినా గంతే. కంపెనీ ఆయిల్‌తోని దీనికి ఏం గాదు. వంటనూనె తాగితె ఉబ్బుతది,” అన్నాడు. అన్న వినాలని కాస్త గట్టిగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి నాతో, “ఎవరు పోసినరో అడగొద్దు సాబ్. ఇంట్ల లొల్లి అయితది” అన్నాడు.

అడగవలసిన పని లేకపోయింది. వదిన పిట్టగోడ దగ్గరికి వచ్చి ఆ గ్లాసు ముందు నిలబడింది. కట్టు విప్పి ఎన్నో రోజులు కాలేదు, ఎడమ మణికట్టు ఇంకా ఒక పక్కకే తిరిగి ఉంది. వాసన చూడలేదు. గ్లాసు ముట్టుకోలేదు.

“నేనే పోసిన,” అంది.

గ్లాసు మీంచి చూపు తీయకుండానే ఆమె చెప్పుకుపోయింది.

“గుడిమల్కాపూర్ నుంచి బంతిపూలు తెప్పిచ్చి దండ కట్టిన. పసుపు పెట్టిన, బొట్టు పెట్టిన. ప్రతి దసరకు కొడవండ్లకు, గడ్డి కోసే మిషన్‌కు నూనె రాస్తం గద. గట్లనే దీని మూత తీసి చూసిన. అడుగున కొంచెమే ఉండె. బర్రెకు కడుపుబ్బరమైతె మనం నూనెనే తాగిస్తం. నువ్వు లేస్తవు, లేసినంక బండి తీస్తవు, అది సులువుగ నడవాలె అని…” అక్కడ ఆగిపోయింది. కుడి చేత్తో ఎడమ మణికట్టు కప్పుకుంది.

నేను చూపు దించుకున్నాను. బండి ముందు చక్రానికి ఆ బంతిపూల దండ తాలూకు దారం ఇంకా చుట్టుకొని ఉంది. పూలు రాలిపోయి తొడిమలు మిగిలాయి.

అన్న ఆమె వైపు తిరిగాడు. గొంతు సవరించుకొని, “ఏమే, మూతి ఎత్తిపట్టి తాగిచ్చినవా, ఊరికె పోసినవా?” అన్నాడు.

ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వబోయి ఏడ్చింది. మెకానిక్ తల తిప్పుకొని పానాలు సర్దడం మొదలుపెట్టాడు.

“అంటె కాలు కాదు,” అన్నాడు అన్న. ఎవరితోనూ కాదు.

మెకానిక్ పానాలు సర్దుతూనే అన్నాడు. “గానాడు తప్పు రబ్బరుది అన్నా, ఖుదా కసం. కాలు సంగతి మాత్రం నాకు తెల్వది. అది రేపు తెలుస్తది. ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నువ్వే తొక్కాలె.”

బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం ఒక్కరి చేత అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చొని పెడల్ కొన్నిసార్లు తొక్కి, కిందికి నొక్కి పట్టుకోవాలి. రెండోవారు చక్రం దగ్గర కూర్చొని చిన్న మర విప్పితే గాలి బుడగలు, ఆయిలు బయటికి వస్తాయి. మర మళ్లీ బిగించేదాకా పైన ఉన్నవాళ్లు పాదం ఎత్తకూడదు. ఎత్తితే పోయిన గాలి అదే దారిన లోపలికి వస్తుంది. చేసిన పనంతా వృథా.

మర్నాడు మెకానిక్ అఫ్జల్‌గంజ్ దుకాణాల్లో వెతికి, పాత జీపుకు వాడే రబ్బర్లలో సరిపోయేవి తెచ్చాడు. సిలిండర్లన్నీ స్పిరిటుతో కడిగి కొత్తవి ఎక్కించాడు. అన్నను ఇద్దరం చెరో పక్కా పట్టుకొని సీట్లోకి దించాం. వదిన చెయ్యి విరిగిన రోజు తర్వాత ఆయన అందులో కూర్చోవడం అదే మొదలు. కుడి పాదాన్ని తన చేత్తోనే ఎత్తి పెడల్ మీద పెట్టుకున్నాడు. మెకానిక్ వెనక చక్రం కిందికి దూరాడు. మాకు ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“మారో అన్నా… మారో… మారో… పకడో!”

అన్న నొక్కి పట్టాడు. మర విప్పిన చప్పుడు, ఆయిలు చిమ్మిన చప్పుడు. మర బిగించేలోగానే పాదం వణికి పైకి లేచింది.

“నక్కో నక్కో! అప్పుడే ఇడవొద్దు. గాలి పీల్చింది. ఫికర్ లేదు, ఫిర్‌సే.”

ఫిర్‌సే. మళ్లీ అంతే. ఇంకోసారి. అన్న నుదుటి మీద చెమట పట్టింది. పళ్లు బిగించాడు. పాదం కొంతసేపు ఆగుతుంది, తర్వాత తనది కానట్టు లేచిపోతుంది. నేను కూర్చుంటానని అనబోయాను. ఆయన నా వైపు చూసిన చూపుకు ఒక అడుగు వెనక్కి వేశాను.

చివరికి అన్నే అన్నాడు. “భాయ్. కాలు గూడ పూర్తిగ లేదు. సగమే ఉన్నది.”

గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గొంతు కాదు అది. ఇంట్లో ఎన్ని బర్రెలు పాలు ఇస్తున్నాయో చెప్పినట్టు చెప్పాడు.

“సగం ఉన్నది గద,” అంది వదిన.

ఆమె తలుపు తీసి, కారు అంచు మీద ఒక మోకాలు ఆనించి లోపలికి వంగింది. కుడి అరచెయ్యి ఆయన మోకాలి మీద పెట్టింది. దాని మీద వంకరపోయిన ఎడమ చెయ్యి పెట్టింది. ఆయన ఆ మణికట్టును చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

“అను భాయ్,” అన్నాడు.

“మారో… మారో… పకడో!”

ఇద్దరూ నొక్కారు. మర విప్పుకొంది, బుడగలు వచ్చాయి, ఆయిలు వచ్చింది, మర బిగిసింది. పాదం కిందే ఉంది. “షాబాష్ అన్నా! గిట్ల పట్టాలె!” అని కింద నుంచి మెకానిక్ అరిచాడు. ఆయనకు కనిపించేది చక్రం ఒక్కటే. నొక్కింది ఇద్దరని మాలో ఎవరమూ ఆయనకు చెప్పలేదు. నాలుగు చక్రాలూ అలాగే అయ్యాయి.

ఆ సాయంత్రం మెకానిక్ బండి నడిపాడు, అన్న పక్కసీట్లో కూర్చున్నాడు. గేటు స్తంభం ముందు బ్రేకు వేస్తే బండి ఉన్నచోటే నిలబడింది. వదిన దూరంగా, మెట్ల మీద నిలబడి చూసింది. స్టేషను దాకా వెళ్దామా అని మెకానిక్ అడిగితే, అన్న వద్దన్నాడు. “తొక్కేది నేనైనప్పుడు పోతం,” అని తాళంచెవి వదిన చేతికిచ్చాడు.

అలాంటి రోజు వస్తుందో రాదో నేను చెప్పలేను. డాక్టరు కూడా చెప్పలేదు. ఫిజియోథెరపీ ఆమె వస్తే అన్న ఇప్పుడు గోడవైపు తిరగడం లేదు. కానీ ఆమె తెచ్చే రబ్బరు బెల్టులూ బంతులూ ఆయనకు నచ్చవు. పొద్దున పాలపని అయ్యాక కర్ర పట్టుకొని, గోడను ఆనుకుంటూ షెడ్డు దాకా వెళ్లి, బండిలో కూర్చుంటాడు. ఇంజను వేయరు. నేను పైన పేపరు చదువుతుంటే కింద నుంచి వదిన గొంతు వినిపిస్తుంది.

“తొక్కు… తొక్కు… పట్టు. ఇడవకు. ఇంక నేను చెప్పలే. పట్టు… పట్టు…”

పేపరులో చదువుతున్న వాక్యం అక్కడే ఆగిపోతుంది. ఆమె “ఇగ ఇడువు” అనేదాకా నేనూ ఊపిరి పట్టుకొనే ఉంటాను.